బర్రెకు చెప్పుకున్న మాటలు

మా బాపు తుమ్మేముందు ఒక్క క్షణం ఆగేవాడు. చేస్తున్న పని వదిలి, తల పైకెత్తి, కళ్ళు సగం మూసి, ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నట్టు నిలబడేవాడు. ఆ తర్వాత వచ్చే తుమ్ముకు కొట్టంలోని నాలుగు బర్రెలూ ఒక్కసారే చెవులు కదిపేవి. నాలుగేళ్ళ మా తమ్ముడు తుమ్ము తెప్పించుకోవడం చేతగాక, ఆ ఎదురు చూడడం మాత్రం నేర్చుకున్నాడు. అన్నం తింటూ తింటూ, ముద్ద చేతిలో పట్టుకొని, తల పైకెత్తి ఆగిపోయేవాడు. మేమందరం కూడా ఆగేవాళ్ళం. తుమ్ము రాదు. వాడు కాసేపు చూసి, పెద్ద పని ఒకటి ముగించినవాడిలా మళ్ళీ తినడం మొదలుపెట్టేవాడు.

పాతబస్తీలో, లాడ్ బజార్ వెనక ఒక సన్నటి సందులో మా ఇల్లు. ముందు కొట్టం, వెనక మేము. వీధిలోంచి వచ్చేవాళ్ళకు ముందు బర్రెలు ఎదురయ్యేవి, వాటిని దాటుకొని వస్తేనే మనుషులు. తాత కాలం నుంచీ మాది పాల వ్యాపారం. ఎక్కడో యుద్ధం జరుగుతోందని పెద్దవాళ్ళు అనుకునేవారు గానీ, అది ఇంకా మా గల్లీ దాకా రాలేదు. నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. ఇంట్లో బాపు, అమ్మ, బాపును కన్న మా బాపమ్మ, నేను, తమ్ముడు.

బాపు ఇంట్లోకి వచ్చేముందు గడప దగ్గర దగ్గేవాడు. లోపల ఆడవాళ్ళు కొంగులు సర్దుకోవడానికి అదొక కబురు. తమ్ముడు దాన్ని కూడా పట్టుకున్నాడు. వాడు ఏ గడప దగ్గరైనా దగ్గేవాడు. బర్రెల కొట్టంలోకి పోయేముందు దగ్గేవాడు. పాయఖానా ముందు నిలబడి దగ్గి, లోపలి నుంచి బాపమ్మ కసురుకున్నా కదలకుండా మళ్ళీ దగ్గేవాడు. మసితో మూతి మీద మీసం గీసుకొని, మంచం మీద ఒక కాలు మడిచి కూర్చొని, "నీళ్ళేయే" అని అమ్మను గదమాయించి ఒకటి తిన్నాడు. బాపు అమ్మను అట్లా ఎన్నడూ అనలేదు. అది వాడి సొంత కల్పన.

నా సంగతి వేరు. వాడు బాపులోని దర్జా తీసుకున్నాడు, నేను పని తీసుకున్నాను. బాపు పాలబిందె కుడి భుజం మీద పెట్టుకొని ఇళ్ళకు తిరిగేవాడు, అందుకని కొంచెం ఎడమకు ఒరిగి నడిచేవాడు. బిందె దించాక కూడా ఆ ఒరగడం పోయేది కాదు. నేను తువ్వాలు తలకు చుట్టుకొని, బిందె లేకుండానే ఎడమకు ఒరిగి ఇల్లంతా తిరిగేదాన్ని. పిల్ల నడుం పక్కకు జరిగిందని బాపమ్మ హడలిపోయింది. వారం పాటు ఆముదం వేడిచేసి నన్ను బోర్లా పడుకోబెట్టి మర్దన చేసింది. నేను నోరు విప్పలేదు. ఒంటికి హాయిగా ఉన్నదాన్ని నేనెందుకు ఆపుకుంటాను.

పాలు పిండేముందు బాపు ఇత్తడి గుండిని బోర్లించి చూపేవాడు, అందులో ముందే నీళ్ళు పోసి పెట్టలేదని. కొనేవాళ్ళు కొట్టానికి వచ్చి ఎదురుగా పిండించుకున్నప్పుడు అది మర్యాద. కానీ బాపుకు అది ఎంత అలవాటైపోయిందంటే, ఎవరూ లేనప్పుడు కూడా గుండి బోర్లించి బర్రెలకు చూపేవాడు. నేను కూడా ఏ గిన్నె ముట్టుకున్నా ముందు బోర్లించేదాన్ని. ఒకసారి మజ్జిగ ఉన్న చెంబును కూడా బోర్లించాను. అమ్మ ఏం చేసిందో చెప్పనక్కరలేదు.

"ఆడపిల్లవు, మీ అమ్మను చూసి నేర్చుకోరాదే" అనేది బాపమ్మ. అమ్మ పొద్దున లేచిన దగ్గర నుంచీ ఊడ్చేది, అలికేది, పేడ ఎత్తేది, జొన్నలు విసిరేది, వండేది. నా కళ్ళకు అదంతా వట్టి పనిలా కనిపించేది. బాపు చేసేది కూడా పనే, కానీ అందులో ఏదో ఆట ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. అమ్మ పేడ ఎత్తకపోతే బాపు కూర్చొని పాలు పిండడానికి జాగా ఉండేది కాదు.

బాపు ఇంట్లో మాట్లాడేది తక్కువ. అమ్మతో అసలే తక్కువ. అమ్మ మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా, నన్ను పిలిచి, "నీళ్ళు కాగినయా అని మీ అమ్మనడుగు" అనేవాడు. "కాగినయని చెప్పు మీ బాపుకు" అనేది అమ్మ. నేను ఇద్దరి మధ్య నిలబడి, బాపు మాటను బాపు గొంతుతో, అమ్మ మాటను అమ్మ గొంతుతో ఇటూ అటూ చేరవేసేదాన్ని. వాళ్ళకు తగవేమీ లేదు. మా గల్లీలో చాలా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు పిల్లల మీదుగానే మాట్లాడుకునేవారు. కానీ మా బాపు మరీ పొదుపు.

ఆ పొదుపంతా కొట్టంలో తీరిపోయేది. మాకున్న నాలుగింటిలో ఒకటి మెలికొమ్ముల బర్రె. మిగతా మూడు కలిసి ఎన్ని పాలిచ్చేవో, అది ఒక్కటే దాదాపు అన్ని ఇచ్చేది. కానీ బాపు కూర్చుంటేనే చేపేది. పాలవాళ్ళ ఇళ్ళలో ఈ మాట అందరికీ తెలుసు. దూడను కాసేపు కుడిపి పక్కకు లాగగానే, పొదుగులోకి పాలు దిగాలి. దాన్నే చేపడం అంటారు. బర్రెకు మనసు లేకపోతే పాలు పైకి పట్టేసుకొని నిలబడుతుంది, ఎంత గుంజినా చుక్క రాలదు. ఈ మెలికొమ్ములదానికి బాపు వాసన కావాలి, బాపు చేయి కావాలి, అన్నిటికంటే బాపు మాటలు కావాలి. బాపు దాని డొక్కకు నుదురు ఆనించి కూర్చొని, పాలు దిగినంతసేపూ గుసగుసగా ఏదో చెబుతూనే ఉండేవాడు.

అమ్మ ఆ బర్రెను మా ముందు "మీ చిన్నమ్మ" అనేది. "మీ చిన్నమ్మకు కుడితి పెట్టొచ్చిన్రా? లేకుంటె మీ బాపుకు అన్నం సయించది" అని మా ఇద్దరినీ తోలేది. బాపు విననట్టు మీసం దువ్వుకునేవాడు. తమ్ముడు తన మసి మీసం దువ్వుకొని, చేతికంటిన మసి గోడకు పూసేవాడు.

పాలు పిండేటప్పుడు దూడ తాడు పట్టుకోవడం నా పని. అందుకని బాపు గుసగుసలన్నీ నేను వినేదాన్ని. రోజూ కొత్త ముచ్చట్లు కొన్ని ఉండేవి గానీ, అసలు మాటలు రోజూ అవే. బడిలో ఎక్కాలు వచ్చినట్టు నాకవి వచ్చేశాయి. మధ్యాహ్నం అందరూ కునుకు తీసినప్పుడు తమ్ముణ్ణి నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి, వాడి అంగీ కొసలు పట్టుకొని పిండుతూ, వాడి డొక్కకు నుదురు ఆనించి ఆ మాటలన్నీ బాపు గొంతుతో చెప్పేదాన్ని. వాడు బెల్లం ముక్క ఇస్తేగానీ చేపేవాడు కాదు. ఆ మాటల్లో అమ్మ ఉన్నదని నాకు తెలుసు. కానీ అవి అమ్మకు తెలియవన్న సంగతి నాకు తెలియదు. రోజూ ఇంట్లో అనే మాటలు ఇంట్లోవాళ్ళందరికీ తెలిసే ఉంటాయని అనుకున్నాను.

రంజాన్ నెల చివరికొచ్చింది. ఆ రోజుల్లో నెలవంక కోసం మా ఇంట్లో చూసినంత ఆత్రంగా మసీదుల దగ్గర కూడా చూసి ఉండరు. ఈద్ పొద్దున ఇంటింటా షీర్ ఖుర్మా కాగాలి, అంటే సేమ్యా ఖర్జూరాలు ఎన్ని ఉన్నా ముందు పాలుండాలి. నెలవంక ఇవ్వాళ కనిపిస్తే రేపే ఈద్. కనిపించకపోతే ఎల్లుండి. రేపే అయితే ఈ సాయంత్రమే పత్తిగింజలు నానబెట్టి బర్రెలకు బాగా మేపాలి. మా సందు మొదట్లో ఒక పాత దేవిడీ, నవాబుల భవంతి, ఉండేది. అందులోని పెద్ద బేగం వెదురు తెర వెనక నుంచే సందునంతా ఏలేది. ముందటేడు ఈద్ నాడు మా పాలు తక్కువ పడి, ఆమె వేరే పాలవాణ్ణి పిలిపించింది. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు. సందులో సగం ఇళ్ళు దేవిడీని చూసి పాలు పోయించుకునేవి. దేవిడీ చేజారితే ఆ ఇళ్ళన్నీ చేజారినట్టే.

ఈసారి బేగం ముందే పిలిపించింది. బాపుతో నేనూ వెళ్ళాను. "ఈద్ కే రోజ్ దూద్ కమ్ పడా తో ఫిర్ నక్కో ఆవ్" అంది తెర వెనక గొంతు. తక్కువ పడితే ఇక రావద్దనే.

"ఫికర్ నక్కో కరో బేగంసాబ్. మేరీ జబాన్ హై" అన్నాడు బాపు. మాట ఇచ్చేశాడు. బయటికొచ్చాక సందు పొడుగునా పెద్ద పెద్ద అంగలు వేశాడు. నేను ఎడమకు ఒరిగి వెనకే నడిచాను.

ఆ సాయంత్రం బాపు కొట్టం పక్కనున్న గడ్డివామి ఎక్కాడు. నెలవంక కనిపించగానే తోపులు, అంటే ఫిరంగులు, పేలుతాయి, సందంతా తెలిసిపోతుంది. కానీ తోపుల కంటే ముందు తాను చూడాలని బాపుకు ప్రతి ఏడూ ఒక పంతం. మెడకు తువ్వాలు చుట్టుకొని, కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకొని పడమటి దిక్కు చూస్తూ నిలబడ్డాడు. వెనకే నేనూ ఎక్కి చేయి అడ్డం పెట్టుకున్నాను. తమ్ముడు వామి కింద నిలబడి, వాడి ముందు గోడ తప్ప ఏమీ లేకపోయినా, చేయి అడ్డం పెట్టుకొని గోడను చూస్తున్నాడు.

బాపు చూశాడు. నాకు చూపిద్దామని గిర్రున వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో కాలి కింద గడ్డి జారింది. గడ్డి మోపుతో సహా బాపు కిందికి వచ్చాడు. అమ్మా బాపమ్మా పరుగెత్తుకొచ్చేసరికి కుడి మణికట్టు పట్టుకొని నేల మీద కూర్చుని ఉన్నాడు. నొప్పికి ముఖం నల్లబడిపోయింది. "కనపడ్డది. పత్తిగింజలు నానెయ్యుండ్రి" అన్నాడు. అప్పుడు పేలాయి తోపులు.

విరిగిన ఎముకలు కట్టే పహిల్వాన్ వచ్చి, కోడిగుడ్డు సొనలో ఏదో నల్లటి పొడి కలిపి పట్టువేసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. నెల దినాలు చేయి కదిలించొద్దన్నాడు. తమ్ముడు తనకూ కట్టు కావాలని నేల మీద పడి దొర్లాడు. వాడి లొల్లి భరించలేక అమ్మ ఒక పాత గుడ్డ పీలిక చుట్టి మెడకు వేలాడదీసింది. తండ్రీ కొడుకులు ఇద్దరూ కట్లతో మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. కొడుకే ఎక్కువ మూలిగాడు.

అందరి తలలోనూ ఒకటే మాట. రేపు మెలికొమ్ములదాన్ని ఎవరు పిండాలి? అది పాలివ్వకపోతే దేవిడీకి సగం గుండి కూడా చేరదు. బాపు ఇచ్చిన మాట ఏమవుతుంది? బాపు ముఖం చూస్తే నాకు భయమేసింది. బాపు భయపడడం నేను అంతకుముందు చూడలేదు. బాపు చేసేదంతా చేసే నాకు, అది మాత్రం చేసి చూడాలనిపించలేదు.

తెల్లవారుతుండగా అమ్మా బాపమ్మా మూడు బర్రెలనూ పిండేశారు. నాలుగోదాని దగ్గర మొదట బాపమ్మ కూర్చుంది. అది కాలు విసిరితే గుండి ఒక దిక్కు, బాపమ్మ ఒక దిక్కు. ఆ తర్వాత అమ్మ లోపలికి పోయి బాపు అంగీ తొడుక్కొని, బాపు తువ్వాలు తలకు చుట్టుకొని వచ్చింది. మొగవాడు ఊళ్ళో లేనప్పుడు పాలవాళ్ళ ఇళ్ళలో చేసే ఉపాయమే అది, కొన్ని బర్రెలు ఆ వాసనకు మోసపోతాయి. ఈ బర్రె మెడ తిప్పి అంగీని వాసన చూసింది. పైకి చూసి అమ్మ ముఖం చూసింది. తన్నలేదు. కానీ దూడను ఎంత కుడిపినా పాలు దించలేదు. సవతి తన చీర కట్టుకొచ్చినట్టు చూసిందని అమ్మ తర్వాత చాలా రోజులు చెప్పుకుంది.

సందులో అప్పటికే అలికిడి మొదలైంది. మా తలుపు ముందు కొత్త బట్టలు వేసుకున్న పిల్లలు గిన్నెలు పట్టుకొని నిలబడ్డారు. అత్తరు వాసన మా పేడ వాసనతో కలిసి లోపలికి వస్తోంది.

బాపు లేచి వచ్చి బర్రె తల దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏయ్, ఇయ్యి" అన్నాడు, కొత్వాలీ జవాను దొంగను అడిగినట్టు. బర్రె ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయాను.

"రోజు ఏమంటవో గదే అనరాదు" అంది అమ్మ, పొదుగు దగ్గరి నుంచి. నా మీదుగా కాదు, నేరుగా బాపుతోనే.

"ఏమంట? నేనేమన" అన్నాడు బాపు.

"ఏమనకపోతె గంతసేపు ఏం గుసగుస? దానికి మంత్రం చదువుతవా?"

బాపు దగ్గాడు. కింద చూశాడు, పైన చూశాడు. "నువ్వు చెవులు మూసుకో, గప్పుడంట" అన్నాడు.

"నేను చెవులు మూసుకుంటె పాలెవరు పిండాలె?"

ఇది నిజంగా చిక్కే. రెండు చేతులూ చన్నుల మీద ఉన్న మనిషికి చెవులు మూసుకునే దారి లేదు. బాపు పిండలేడు, అమ్మ వింటుండగా మాట్లాడలేడు. పెళ్ళయి అప్పటికి పదేళ్ళు దాటింది. బర్రె ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. తలుపు బయట పిల్లవాడొకడు గిన్నె మోగించాడు. "దూద్ హై కీ నై?" అని అరిచారెవరో.

నాకు విసుగొచ్చింది. ఎక్కం రానివాణ్ణి చూస్తే వచ్చినవాళ్ళకు వచ్చే విసుగు. దూడ తాడు బాపమ్మ చేతిలో పెట్టి, అమ్మ తల మీది తువ్వాలు తీసి నా తలకు చుట్టుకొని, అటు పక్క డొక్కకు నుదురు ఆనించి మొదలుపెట్టాను. గొంతు బాపుదే.

"నా తల్లీ, నా బంగారీ, ఇయ్యవే. మెల్లగ, మెల్లగ. నువ్వియ్యకపోతె నాకెవరిస్తరే. నీ లెక్క నన్ను కనిపెట్టుకొని ఎవరుంటరే."

ఖాళీ గుండిలో సన్నగా ఒక ధార మోగింది. వెంటనే రెండోది. అమ్మ తల ఎత్తకుండా, "సేపింది, సేపింది" అంది.

నేను ఊపులో ఉన్నాను. "మా అవ్వకు చెవులు వినపడయంటది గని, గల్లీ చివర్ల గుసగుసలాడినా వినపడతయే. పిలిస్తెనే వినపడది." బాపమ్మ తాడు పట్టుకొని బిర్రబిగుసుకుంది. విన్నానని ఒప్పుకుంటే ఇన్నేళ్ళ చెవుడు పోతుంది. విననట్టు ఉంటే ఈ మాట పడాలి. ఆమె దూడ వీపు దువ్వడం మొదలుపెట్టింది.

"ఏయ్ పిల్లా, సాలు" అన్నాడు బాపు.

నేను ఆగాను. గుండిలో చప్పుడూ ఆగింది. బర్రె పాలు పైకి పట్టేసింది.

"ఆపకు బిడ్డా" అంది అమ్మ.

బాపు తలుపు వైపు చూశాడు. గుండి వైపు చూశాడు, ఇంకా పావు కూడా నిండలేదు. ఇచ్చిన మాట అటు, దాచుకున్న మాట ఇటు. ఇక మనిషి ఏం చేస్తాడు. "కానియ్యి" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కట్టు వేలాడేసుకున్న తమ్ముడు కూడా పోయి బాపు పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇంటామె నిన్న పులుసుల ఉప్పు మరిచింది. నేను అనలే. అంటె పొద్దంత మూతి ముడుచుకుంటది. మూతి ముడిచినా మంచిగనే ఉంటది గని, నాకే భయమైతది." పాలధార గుండిలో గుమ్మంటోంది. నేను బాపులాగే మధ్యలో ఒక నిట్టూర్పు కూడా విడిచాను. "ఇంతకుముందు ఇసురుకుంట పాటలు పాడుతుండె గదనే. నీకు యాదున్నదా, నువ్వు గప్పుడు ఇంకా ఈనని పడ్డవు. గోడ అవతల అది పాడుతుంటె, నేను నీకాడ పనున్నట్టు నిలబడి వింటుంటి. ఒకనాడు బయటి కోపం ఇంటికి తెచ్చి, ఏందీ లొల్లి అన్న. గంతే. మళ్ళ నోరిప్పలే. ఇప్పుడు ఇసుర్రాయి ఒక్కటే సప్పుడు చేస్తది. పాడమని అడుగుదమంటె నాకు నోరు రాదు. నువ్వన్న చెప్పరాదే."

రోజూ బాపు ఆపేది అక్కడే. నేనూ అక్కడే ఆపాను. బర్రె మాత్రం ఆపలేదు. నురగ గుండి అంచు దాకా వచ్చింది.

అమ్మ బర్రె డొక్కకు ముఖం ఆనించి పిండుతూనే ఉంది, ముఖం మాకు కనిపించలేదు. చివరి చుక్కలు కూడా పిండి, పైట కొంగుతో ముఖమూ చేతులూ తుడుచుకొని లేచింది. "ఎంతసేపు నిలబడతవు, చెయ్యి గుంజుతదేమో. కూసోరాదు" అంది. గోడ వైపు తిరిగి ఉన్న బాపు వెనక్కి తిరగకుండానే కూర్చున్నాడు.

ఆ పొద్దున బాపు ముందు నడిస్తే, పాలబిందె నెత్తిన పెట్టుకొని అమ్మ వెనక నడిచింది, మేమిద్దరం వాళ్ళ వెనక. తలుపు ముందు పిల్లల గిన్నెలు నిండాయి, దేవిడీ గుండి నిండింది. తెర సందులోంచి బాపు కట్టు చూసి పెద్ద బేగం, "ఆజ్ పానీ మిలానే కూ హాథ్ నై థా సో, దూద్ ఖాలిస్ హై" అంది. నీళ్ళు కలపడానికి చెయ్యి లేకపోబట్టి పాలు చిక్కగా ఉన్నాయట. బాపు ఆ మాటకు రోజుల తరబడి కోపం తెచ్చుకునేవాడే. ఆ రోజు నవ్వాడు. తర్వాత దేవిడీ నుంచి పెద్ద గిన్నెడు షీర్ ఖుర్మా వచ్చింది. తమ్ముడు ఎడమ చేత్తోనే తిన్నాడు, కుడిచేతికి కట్టు ఉంది గనక.

నెల రోజులు నా మంత్రంతోనే పాలు దిగాయి. బాపు ఆ సమయానికి ఏదో పని కల్పించుకొని సందు చివరికి పోయేవాడు. నాకు మాత్రం ఆ నెల చాలా గొప్పగా గడిచింది. కట్టు విప్పాక బాపు మళ్ళీ తన చోట కూర్చున్నాడు, మొదటి రోజే నన్ను దూడ తాడు దగ్గరి నుంచి తీసేశాడు. నా జాగాలో తమ్ముణ్ణి పెట్టాడు. వాడైతే నిలబడే నిద్రపోతాడు, ఏదీ నేర్చుకోడు. నన్ను గోడ అవతల అమ్మ దగ్గరికి, ఇసుర్రాయిలో జొన్నలు పొయ్యడానికి బదిలీ చేశారు. ఇన్నాళ్ళకు పిల్ల దారిలో పడిందని బాపమ్మ సంతోషించింది. నాకు ఏడుపొచ్చింది.

అయితే గోడ అవతల ఒకటి గమనించాను. బాపు ఇప్పుడు బర్రెతో గుసగుసగా మాట్లాడడం లేదు. కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాడు. "నిన్నటి పులుసు మంచిగున్నదే" అని బర్రెకు చెబుతున్నాడు. పులుసు గురించి బర్రెకేం తెలుసు. ఇక్కడ ఇసుర్రాయి ఒక చుట్టు తిరిగి ఆగేది, మళ్ళీ తిరిగేది. అమ్మ నా ముఖం చూసి, "జొన్నలు పొయ్యి, చూస్తవేంది" అనేది.

అట్లా ఎన్నాళ్ళు గడిచాయో గుర్తులేదు. ఒకరోజు పొద్దున, బాపు పాలు పిండుతుండగా, అమ్మ ఇసుర్రాయి పిడి పట్టుకొని, గొంతు లోపలే అన్నట్టు పాట ఎత్తుకుంది. మొగుణ్ణి దెప్పే పాట, విసిరేటప్పుడు మా వైపు ఆడవాళ్ళు పాడుకునేది. అమ్మ పాడగా నేను ఎన్నడూ వినలేదు. మొదటి చరణం తడబడింది, రెండోదానికి సర్దుకుంది. నేను జొన్నలు పిడికిట్లోనే పట్టుకొని ఉండిపోయాను. గోడ అవతల బాపు మాట సగంలో ఆగిపోయింది. గుండిలో చప్పుడు కూడా ఆగిపోయింది, కానీ బాపు మళ్ళీ మాట్లాడలేదు. పాట అయ్యేదాకా మాట్లాడలేదు. మెలికొమ్ములదానికి కోపమొచ్చి మిగతా పాలన్నీ పైకి పట్టేసింది.

బాపు సగం గుండితో బయటికొచ్చాడు. ఆ పూట దేవిడీతో సహా అన్ని ఇళ్ళకూ పాలు తక్కువ పడ్డాయి. ఏమైందని అడిగిన వాళ్ళందరికీ, బర్రెకు దిష్టి తగిలిందని చెప్పుకొచ్చాడట, ముఖం వెలిగిపోతుండగా.